పాత కంప్యూటర్‌కు ఎక్స్‌టర్నల్ డీవీడీ రైటర్: నత్తనడకకు ఏ మందు వాడాలి?

రైటర్ పెట్టె మీద వేగం 8ఎక్స్ అని ఉంటుంది. డిస్క్ పెట్టి బర్న్ నొక్కితే గంట దాటినా ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. ఇలాంటప్పుడు చాలామంది రైటర్‌ను షాపుకు తీసుకెళ్లి గొడవపడి ఇంకో కంపెనీది తెచ్చుకుంటారు. కొత్తదీ అంతే నెమ్మదిగా రాస్తుంది. పాత సిస్టమ్‌ల విషయంలో రైటర్ పాపం చాలావరకు ఏమీ ఉండదు. అడ్డంకి దానికి ముందున్న దారిలో ఉంటుంది: యూఎస్‌బీ పోర్టులోనో, హార్డ్‌డిస్క్‌లోనో, కరెంటు సరఫరాలోనో. ఆ అడ్డంకి ఎక్కడుందో తేల్చుకుంటే పోర్టు మార్చడం, యూఎస్‌బీ కార్డు వేయడం, లోపలి రైటర్ బిగించడం, పనిని వేరే సిస్టమ్‌కు తరలించడం అనే దారుల్లో మీకు ఏది సరిపోతుందో తెలిసిపోతుంది. రైటర్ మార్చడం అన్నిటికంటే చివర ఆలోచించాల్సిన పని.

ఈ రోజుల్లో డిస్కులు ఎవరికి కావాలి అంటారా? పెళ్లి వీడియో డీవీడీలోనే కావాలనే పెద్దవాళ్లున్నారు. స్కానింగ్ సెంటర్లు సీటీ, ఎంఆర్ఐ సీడీలు ఇస్తున్నాయి. భజనలు, హరికథలు సీడీ ప్లేయర్‌లో పెట్టుకుని వినే ఇళ్లూ ఉన్నాయి. పని ఉన్నంతకాలం పాత సిస్టమ్ కూడా నడుస్తూనే ఉంటుంది.

ఎక్స్ లెక్కలో ఉన్న మెలిక

సీడీకి 1ఎక్స్ అంటే సెకనుకు 150 కిలోబైట్లు. డీవీడీకి 1ఎక్స్ అంటే సెకనుకు దాదాపు 1,385 కిలోబైట్లు, అంటే సీడీ 1ఎక్స్‌కు తొమ్మిది రెట్లు పైనే. అందుకే 'సీడీలు బాగానే రాస్తోంది, డీవీడీ పెడితేనే చచ్చిపోతోంది' అనే ఫిర్యాదు అంత తరచుగా వినిపిస్తుంది. డ్రైవ్ అదే, కేబుల్ అదే, కానీ అడిగే డేటా తొమ్మిదింతలు.

ఇప్పుడు పోర్టు సంగతి చూద్దాం. యూఎస్‌బీ 1.1 పైకి 12 మెగాబిట్లు అంటుంది. బైట్లలోకి మార్చి, ప్రోటోకాల్‌కు పోయేది తీసేస్తే చేతికి సెకనుకు 1 ఎంబీ దక్కితే గొప్ప. దానితో సీడీని 6ఎక్స్ దాకా లాగవచ్చు. డీవీడీ మాత్రం 1ఎక్స్ కూడా అందుకోలేదు. 4.7 జీబీ డిస్క్ నిండా రాయాలంటే గంటా ఇరవై నిమిషాలు పడుతుంది, అది కూడా మధ్యలో ఏ అడ్డూ రాకపోతే. యూఎస్‌బీ 2.0 పైకి 480 మెగాబిట్లు, చేతికి వచ్చేది సెకనుకు 25-35 ఎంబీ. పల్చటి ఎక్స్‌టర్నల్ రైటర్ 8ఎక్స్‌లో రాయడానికి 11 ఎంబీ చాలు. ఔటర్ రింగ్ రోడ్డు మీద జోరుగా వచ్చిన లారీ మన సందు మొగలో ఇరుక్కున్నట్టు, 8ఎక్స్ డ్రైవ్ 1.1 పోర్టు దగ్గర ఇరుక్కుంటుంది.

ఇరుక్కుని ఊరికే నెమ్మదిస్తే బాగుండేది. చాలా డీవీడీ రైటర్లు 2ఎక్స్ కన్నా తక్కువకు దిగవు. డేటా అందకపోతే బఫర్ (రాయబోయే డేటా కాసేపు నిలవుండే చోటు) ఖాళీ అవుతుంది, లేజర్ ఆగుతుంది, బఫర్ నిండాక ఆగిన చోటు వెతుక్కుని మళ్లీ మొదలుపెడుతుంది. 2000 ప్రాంతంలో సాన్యో తెచ్చిన బర్న్‌ప్రూఫ్ లాంటి ఏర్పాట్ల వల్లే ఇప్పుడు డిస్క్ పాడవకుండా బయటపడుతోంది. అంతకుముందు బఫర్ ఒక్కసారి ఖాళీ అయిందంటే ఆ డిస్క్ చెత్తబుట్టలోకే. అలాగని వందసార్లు ఆగి, వందసార్లు అతికించిన డిస్క్‌ను నేను నమ్మను. పాత డీవీడీ ప్లేయర్లు అలాంటి చోట్ల తడబడటం మామూలే.

మీ పోర్టు ఏదో తెలుసుకోవడం

ఇంటెల్ చిప్‌సెట్లలో యూఎస్‌బీ 2.0 వచ్చింది 2002లో, ఐసీహెచ్4తో. అంటే 845జీ, 845పీఈ తరం మదర్‌బోర్డులు, ఆ తర్వాతవి. అంతకుముందు వచ్చిన 815 బోర్డులు, మొదటి పెంటియం 4 బోర్డులు అన్నీ 1.1 వే. 'పెంటియం 4 కదా, 2.0 ఉంటుందిలే' అనుకోకండి, సగం కథ అక్కడే మారిపోతుంది.

విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి యూనివర్సల్ సీరియల్ బస్ కంట్రోలర్స్ కింద చూడండి. 'ఎన్‌హాన్స్‌డ్' అనే మాట ఉన్న లైను కనిపిస్తే 2.0 ఉన్నట్టే. 'యూనివర్సల్ హోస్ట్ కంట్రోలర్', 'ఓపెన్ హోస్ట్ కంట్రోలర్' అని మాత్రమే ఉంటే 1.1. ఎక్స్‌పీ అయితే రైటర్ గుచ్చగానే కింద మూలలో పసుపు బుడగ ఒకటి లేచి, ఈ డివైస్ హై స్పీడ్ పోర్టులో పెడితే ఇంకా వేగంగా పనిచేస్తుందని చెబుతుంది. అందరూ ఇంటూ కొట్టి మూసేసే ఆ బుడగలోనే అసలు జవాబు ఉంది.

ఒక్కోసారి బోర్డులో 2.0 ఉండి కూడా పనిచేయదు. ఎక్స్‌పీలో సర్వీస్ ప్యాక్ 1 దగ్గరినుంచే విండోస్ దాన్ని సొంతంగా గుర్తుపడుతుంది, అది లేని ఇన్‌స్టలేషన్‌లో పోర్టు 1.1 లాగే నడుస్తుంది. కొన్ని బోర్డుల బయోస్‌లో (విండోస్ కన్నా ముందు తెరుచుకునే సెట్టింగుల్లో) కంట్రోలర్ మోడ్ 'ఫుల్ స్పీడ్' అని పెట్టి ఉంటుంది. పేరు చూసి అదే ఎక్కువ అనుకుంటారు గానీ యూఎస్‌బీ భాషలో ఫుల్ స్పీడ్ అంటే ఆ పాత 12 మెగాబిట్లే. 'హై స్పీడ్'కు మార్చాలి. ఈ రెండూ పైసా ఖర్చు లేని పనులు, కార్డు కొనే ముందు తప్పకుండా చూసుకోవాలి.

రెండు పట్టీల పరీక్ష

ఇమ్‌గ్‌బర్న్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. చివరి వెర్షన్ 2.5.8, 2013లో వచ్చింది, విండోస్ 98 మీద కూడా నడుస్తుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అదనపు ప్రోగ్రాములు అంటగట్టే అవకాశం ఉంది కాబట్టి అన్ని టిక్కులూ చదివి తీసేయండి. డిస్క్ రాస్తున్నప్పుడు కింద రెండు పట్టీలు కనిపిస్తాయి. ఒకటి బఫర్, అంటే కంప్యూటర్ మెమరీలో సిద్ధంగా ఉన్న డేటా. రెండోది డివైస్ బఫర్, అంటే రైటర్ లోపలికి చేరిన డేటా.

మొదటి పట్టీ నిండుగా ఉండి రెండోది మాటిమాటికీ పడిపోతుంటే డేటా సిద్ధంగానే ఉంది, రైటర్ దాకా వెళ్లట్లేదు. అంటే తప్పు పోర్టుదో, కేబుల్‌దో, హబ్‌దో (ఒక పోర్టును నాలుగైదు పోర్టులుగా చేసే పెట్టె). మొదటి పట్టీయే ఖాళీ అవుతుంటే హార్డ్‌డిస్క్ డేటా అందించలేకపోతోంది, యూఎస్‌బీ కార్డు ఎన్ని వేసినా లాభం లేదు. రెండూ నిండుగానే ఉండి వేగం మాత్రం 2ఎక్స్ లోనో 4ఎక్స్ లోనో నిలబడిపోతే రైటరే ఆ వేగాన్ని ఎంచుకుంది, బ్లాంక్ డిస్క్ సంగతి చూడాలి. ఐదు నిమిషాలు కూర్చుని ఈ పట్టీలు చూస్తే చాలు, కింద చెప్పే వాటిలో సగం మీకు అక్కర్లేదని తెలుస్తుంది.

పోర్టే కారణమైతే

ముందు హబ్ తీసేయండి. కీబోర్డు వెనకుండే పోర్టు, మానిటర్ పక్కనుండే పోర్టు, సీపీయూ ముందువైపు పోర్టు వద్దు. వెనక బోర్డుకు నేరుగా ఉన్న పోర్టులోనే పెట్టండి. ముందు పోర్టులకు లోపల సన్నని వైరు పోతుంది, పాత క్యాబినెట్లలో అది నాసిగా ఉంటుంది.

బోర్డులో 2.0 లేనే లేకపోతే, డెస్క్‌టాప్ అయితే, నా ఓటు మదర్‌బోర్డు మీది పీసీఐ స్లాట్‌లో బిగించే యూఎస్‌బీ 2.0 కార్డుకే. పీసీఐ స్లాట్ సెకనుకు 133 ఎంబీ దాకా మోయగలదు, రైటర్‌కు అది ధారాళం. కొన్ని వందల్లో వస్తుంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో గానీ, చెన్నై రిచీ స్ట్రీట్‌లో గానీ, బెంగళూరు ఎస్పీ రోడ్డులో గానీ పాత సామాను అమ్మే చోట అడగండి. కార్డు మీద పెద్ద నల్లటి చిప్ పేరు చదవండి. ఎన్ఈసీ అని ఉంటే కళ్లు మూసుకుని తీసుకోవచ్చు, వీఐఏ అని ఉన్నా ఈ పనికి సరిపోతుంది. పేరు చెరిపేసిన చిప్ అయితే వదిలేయండి. ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 1 పైన డ్రైవర్ అడగదు. విండోస్ 98 అయితే డ్రైవర్ సీడీ కూడా చేతికి ఇస్తేనే డబ్బులివ్వండి, తర్వాత వెతుక్కోవడం పెద్ద టెన్షన్.

ల్యాప్‌టాప్ అయితే పక్కన పీసీఎంసీఐఏ స్లాట్ (కార్డులు గుచ్చే సన్నని గాడి) ఉండాలి, అది కార్డ్‌బస్ రకం కావాలి. కార్డ్‌బస్ కార్డును గుర్తుపట్టడం తేలిక: గుచ్చే అంచు దగ్గర బంగారు రంగు పట్టీ, దాని మీద చిన్న చిన్న బొడిపెలు వరుసగా ఉంటాయి. 1990ల నడుమ నాటి 16 బిట్ స్లాట్‌లోకి అది దూరదు. దూరిన చోట కూడా కరెంటుతోనే చిక్కు. కార్డ్‌బస్ నుంచి వచ్చే కరెంటు పల్చటి రైటర్‌ను తిప్పడానికి చాలా సందర్భాల్లో చాలదు. డిస్క్ తిరగడం మొదలుపెట్టి, టిక్ టిక్ మని ఆగిపోతుంటే అదే లక్షణం. కాబట్టి ల్యాప్‌టాప్‌కు ఈ దారి పట్టేవాళ్లు సొంత అడాప్టర్ ఉన్న పెద్ద సైజు ఎక్స్‌టర్నల్ రైటర్ తీసుకోవాలి. అవి ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లోనే దొరకడం ఎక్కువ.

పాత ఆపిల్ మెషిన్లది వేరే కథ. పవర్ మ్యాక్ జీ4లో యూఎస్‌బీ చివరిదాకా 1.1 గానే ఉండిపోయింది, 2003లో జీ5 వచ్చాకే 2.0 వచ్చింది. కానీ ఆ జీ4లోనే 400 మెగాబిట్ల ఫైర్‌వైర్ అనే ఇంకో రకం పోర్టు ఉంది. జీ4 ఇంకా వాడే ఆర్టిస్టులు, డీటీపీ వాళ్లు యూఎస్‌బీతో కుస్తీ పట్టకుండా ఫైర్‌వైర్ రైటర్ వెతుక్కోవడమే మేలు. విండోస్ ల్యాప్‌టాప్‌లలో ఉండే చిన్న నాలుగు పిన్నుల ఫైర్‌వైర్ డేటా ఇస్తుంది గానీ కరెంటు ఇవ్వదు, అది మాత్రం గుర్తుంచుకోండి.

లోపలి రైటర్ బిగిస్తే?

డెస్క్‌టాప్‌లో ఖాళీ బే (డ్రైవ్ బిగించే అర) ఉంటే ఐడీఈ (పాత సిస్టమ్‌లలో డ్రైవ్‌లను వెడల్పాటి కేబుల్‌తో బోర్డుకు కలిపే పద్ధతి) డీవీడీ రైటర్ లోపల బిగించడం వేగానికి అన్నిటికంటే మంచి దారి. యూఎస్‌బీ అనే మధ్యవర్తే ఉండడు, కరెంటు నేరుగా ఎస్‌ఎంపీఎస్ (సీపీయూ లోపలి పవర్ సప్లై) నుంచి వస్తుంది. కాకపోతే ఐడీఈ రైటర్లు ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లోనే చూడాలి, వాటి లేజర్ ఎంత అరిగిందో పైకి చూస్తే తెలియదు. షాపులోనే మీ బ్లాంక్ డిస్క్ ఒకటి పెట్టి రాయించి, వెరిఫై (రాసింది సరిగ్గా ఉందో లేదో చదివి చూడటం) కూడా అయ్యాక తీసుకోండి. షాపువాడు దానికి ఒప్పుకోకపోతే ఆ డ్రైవ్ సంగతి అక్కడే తెలిసిపోయినట్టు.

బిగించేటప్పుడు హార్డ్‌డిస్క్ ఉన్న కేబుల్‌కే రైటర్‌ను తగిలించకండి. ఒక ఐడీఈ కేబుల్ మీద ఒక సమయంలో ఒకరే మాట్లాడగలరు. ఇటు చదివి అటు రాయాలంటే ఇద్దరూ వంతులు వేసుకోవాలి. రెండో కేబుల్‌కు మాస్టర్‌గా (ఆ కేబుల్ మీది మొదటి డ్రైవ్‌గా) పెట్టండి.

కార్డా, లోపలి రైటరా అని అడిగితే: మీ దగ్గర ఎక్స్‌టర్నల్ రైటర్ ఇప్పటికే ఉంటే కార్డు. అది రేపు ఏ కొత్త ల్యాప్‌టాప్‌కైనా పనికొస్తుంది. ఇంకా ఏమీ కొనకపోతే, రోజూ డిస్కులు కొట్టే పని అయితే, లోపలి రైటర్.

పోర్టు బాగానే ఉంది, అయినా నెమ్మదే

మొదటి పట్టీ ఖాళీ అవుతున్నవాళ్లు హార్డ్‌డిస్క్ మోడ్ చూడాలి. ఎక్స్‌పీకి ఒక పాడు అలవాటుంది. హార్డ్‌డిస్క్ చదివేటప్పుడు ఆరు లోపాలు లెక్కకు వస్తే వేగమైన డీఎంఏ మోడ్ నుంచి మెట్టు మెట్టుగా దిగి చివరికి నెమ్మదైన పీఐఓ మోడ్‌కు చేరుతుంది, మళ్లీ తనంతట తాను పైకి ఎక్కదు. కరెంటు పోయి వచ్చినప్పుడో, కేబుల్ వదులైనప్పుడో వచ్చిన లోపాలకు ఏళ్ల తరబడి శిక్ష పడుతుందన్నమాట. పీఐఓలో డేటా మోసే పని ప్రాసెసర్ మీద పడుతుంది, మౌస్ కూడా జెర్కులు ఇస్తుంది. డివైస్ మేనేజర్‌లో ప్రైమరీ ఐడీఈ ఛానెల్ తెరిచి, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో కరెంట్ ట్రాన్స్‌ఫర్ మోడ్ చూడండి. పీఐఓ అని ఉంటే ఆ ఛానెల్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేస్తే విండోస్ మళ్లీ గుర్తించి డీఎంఏ ఇస్తుంది. కొన్నాళ్లకే మళ్లీ పీఐఓకు పడిపోతే కేబుల్ మార్చండి, అప్పటికీ పడిపోతే హార్డ్‌డిస్క్ వెళ్లిపోయే దారిలో ఉంది. అప్పుడు డిస్క్ రాయడం సంగతి అటుంచి ముందు బ్యాకప్ చూసుకోండి.

కరెంటు చాలకపోవడం ఇంకో సాధారణ కారణం. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు. పల్చటి రైటర్ రాసేటప్పుడు అంతకు మించి అడగవచ్చు. పెట్టెలో రెండు తలల కేబుల్ వస్తే ఆ రెండో తల అలంకారానికి ఇచ్చింది కాదు, రెండూ గుచ్చండి. పొడవాటి ఎక్స్‌టెన్షన్ కేబుల్ పక్కన పెట్టేయండి.

రెండు పట్టీలూ నిండుగా ఉన్నవాళ్లది డిస్క్ సమస్య. రైటర్ ఫర్మ్‌వేర్‌లో (దాని లోపలే ఉండే సాఫ్ట్‌వేర్‌లో) ఏ తయారీ డిస్క్‌ను ఏ వేగంలో, ఎంత లేజర్ పవర్‌తో రాయాలో ఒక పట్టిక ఉంటుంది. అందులో లేని డిస్క్ పెడితే అది భయపడి తక్కువ వేగానికి దిగుతుంది. కవర్ మీద బ్రాండ్ ఒకటి, లోపల తయారీదారు ఇంకొకరు కావడం ఈ వ్యాపారంలో మామూలే. డిస్క్ పెట్టాక ఇమ్‌గ్‌బర్న్ కుడివైపు కనిపించే డిస్క్ ఐడీ చూస్తే అసలు తయారీదారు తెలుస్తాడు. మన దగ్గర ఒకప్పుడు ఏ షాపులో చూసినా మోసర్ బేర్ డిస్కులే. ఆ కంపెనీ 2018లోనే లిక్విడేషన్‌లోకి వెళ్లింది. ఇప్పుడు ఎవరైనా మోసర్ బేర్ బ్లాంక్ డిస్కులు చూపిస్తే అది ఏళ్ల నాటి స్టాక్ అనుకుని, ఒకటి కొని పరీక్షించాకే కట్ట తీసుకోండి. ఆర్‌డబ్ల్యూ (చెరిపి మళ్లీ రాయగల) డిస్కులు వాడేవాళ్లు వేగం గురించి బెంగపడి లాభం లేదు, వాటి తీరే అంత. 2ఎక్స్ డీవీడీ ఆర్‌డబ్ల్యూ నిండడానికి అరగంట పడుతుంది, ఏ కార్డు వేసినా అదే అరగంట.

కొన్నిసార్లు డిస్క్ రాయడం నెమ్మదిగా ఉండదు, దాని చుట్టూ ఉన్న పని నెమ్మదిగా ఉంటుంది. కెమెరా వీడియోను డీవీడీ ప్లేయర్‌లో ఆడేలా చేయాలంటే ముందు ఎంపెగ్2 లోకి మార్చాలి. పెంటియం 4 లాంటి సిస్టమ్‌లో రెండు గంటల పెళ్లి వీడియోకు ఆ మార్పిడే గంటలు గంటలు తీసుకుంటుంది, అసలు రాయడం చివరి పది నిమిషాలే. అక్కడ కావాల్సింది వేగమైన ప్రాసెసర్ తప్ప వేగమైన రైటర్ కాదు. అలాగే వేలకొద్దీ చిన్న ఫొటోలను నేరుగా రాస్తే పాత హార్డ్‌డిస్క్ ఒక్కోదాన్నీ వెతుక్కుంటూ తిరుగుతుంది. ముందు ఐఎస్ఓ ఫైల్ (డిస్క్ మొత్తాన్నీ ఒకే ఫైల్‌గా చేసింది) తయారుచేసి, దాన్ని రాస్తే సాఫీగా పోతుంది. హార్డ్‌డిస్క్ డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటే 4 జీబీ దాటిన ఫైల్ అందులో పట్టదు, ఎన్‌టీఎఫ్ఎస్ డ్రైవ్‌లో పెట్టండి. విండోస్ 7లో అయితే డిస్క్ పెట్టగానే 'యూఎస్‌బీ ఫ్లాష్ డ్రైవ్ లాగా' అన్న ఆప్షన్ ముందే టిక్ అయి ఉంటుంది. అది వద్దు, రెండోదాన్ని ఎంచుకోండి. లేకపోతే కాపీ నెమ్మదిగా నడుస్తుంది, రాసిన డిస్క్ పాత ప్లేయర్లలో తెరుచుకోకనూపోవచ్చు.

వెరిఫై టిక్ ఉంటే సమయం దాదాపు రెండింతలవుతుంది. వేగం కోసం అది తీసేయమని చాలామంది చెబుతారు. నేను చెప్పను. కస్టమర్‌కు ఇచ్చే డిస్క్, ఇంట్లో దాచుకునే డిస్క్ వెరిఫై లేకుండా పెట్టెలోకి పోకూడదు.

పనినే తరలించడం

ఎవరూ పెద్దగా ఆలోచించని దారి ఇది. పాత సిస్టమ్‌లో యూఎస్‌బీ 1.1 ఉన్నా, వెనక ల్యాన్ పోర్టు మాత్రం 100 మెగాబిట్లది ఉండవచ్చు. అంటే సెకనుకు 10 ఎంబీ చుట్టూ, యూఎస్‌బీ కన్నా పది రెట్లు. ఒక ల్యాన్ కేబుల్‌తో రౌటర్‌కు కలిపి, 4.7 జీబీ ఫైళ్లను కొత్త ల్యాప్‌టాప్‌లోకి పది నిమిషాల్లో లాగేసి, అదే రైటర్‌ను ల్యాప్‌టాప్‌కు గుచ్చి రాసుకోవచ్చు. ఎక్స్‌పీకీ కొత్త విండోస్‌కూ ఫైల్ షేరింగ్‌లో పొసగకపోతే పాత సిస్టమ్ మీద ఫైళ్లు పంపే చిన్న ఎఫ్‌టీపీ సర్వర్ ప్రోగ్రామ్ నడిపితే పని అయిపోతుంది. ఆ సమయంలో పాత సిస్టమ్‌కు ఇంటర్నెట్ ఇవ్వకుండా చూసుకోండి. పెన్ డ్రైవ్‌తో తరలిద్దామంటే మళ్లీ అదే 1.1 పోర్టు, అదే గంటా ఇరవై నిమిషాలు.

ల్యాన్ కూడా లేకపోతే హార్డ్‌డిస్క్ విప్పి, ఐడీఈ నుంచి యూఎస్‌బీకి మార్చే అడాప్టర్‌తో కొత్త సిస్టమ్‌కు తగిలించవచ్చు. దానితో వచ్చే పవర్ బ్రిక్ కూడా ఉండాలి, పెద్ద హార్డ్‌డిస్క్ యూఎస్‌బీ కరెంటుతో తిరగదు.

ఎవరికి ఏది

ఇంట్లో పాత సిస్టమ్‌లో పడున్న ఫొటోలు, పిల్లల చిన్నప్పటి వీడియోలు ఒక్కసారి డిస్కులకు ఎక్కించుకుంటే చాలనుకునేవాళ్లు ఏమీ కొనకండి, ల్యాన్ దారే మీది. ఊళ్లో ఫొటో స్టూడియో నడుపుతూ సీజన్‌లో డీవీడీలు కొట్టేవాళ్లకు ఎడిటింగ్ సిస్టమ్ 2002 తర్వాతదైతే కార్డు అవసరం ఉండదు, పీఐఓ సంగతి, డిస్కుల నాణ్యత చూసుకుంటే చాలు. వీలైతే లోపల ఒక రైటర్ బిగించి, ఎక్స్‌టర్నల్‌ను అక్కరకు ఉంచుకోండి. పాత అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ కోసం 2002కు ముందు డెస్క్‌టాప్ నడుపుతూ నెలకోసారి బ్యాకప్ సీడీ తీసేవాళ్లకు 1.1 పోర్టులో 4ఎక్స్ సీడీ అంటే ఇరవై నిమిషాలు. ఈలోగా టీ తాగి రావచ్చు, కార్డు వేయనక్కర్లేదు. అయితే ఇప్పటి రైటర్లలో చాలావాటికి సీడీ కనీస వేగం 8ఎక్స్ లేదా 10ఎక్స్. అది 1.1 పోర్టు అందించలేదు, కాబట్టి మళ్లీ ఆగి ఆగి రాయడమే. 4ఎక్స్‌లో రాయగల పాత సీడీ రైటర్ ఇంట్లో ఎక్కడైనా మూలపడి ఉంటే, ఆ ఒక్క పనికి కొత్తదానికన్నా అదే నయం.

కార్డ్‌బస్ స్లాట్ కూడా లేని పాత ల్యాప్‌టాప్ మీద మాత్రం ఒక్క రూపాయి కూడా పెట్టకండి. హార్డ్‌డిస్క్ బయటికి తీయండి. ల్యాప్‌టాప్ ఐడీఈ డిస్క్‌కు 44 పిన్నులు ఉంటాయి, డెస్క్‌టాప్ దానికి 40. అడాప్టర్ కొనేటప్పుడు రెండు సాకెట్లూ ఉన్నది అడిగి తీసుకోండి.